ఆ ఇంట్లో ఉంటున్నవారు

ఇద్దరు మనుషులు కాపురముంటున్న ఇంట్లో యంత్రం ముగ్గురిని చూపించింది.

అది ఎవరి ఇల్లో అయితే ఎక్కడో లెక్క తప్పిందని చేతులు దులుపుకోవచ్చు. అక్కడే వచ్చింది చిక్కు. అది ఆ యంత్రాన్ని తయారుచేసిన హైమవతి ఇల్లే. పెదవాల్తేరులో ఒక సందు చివర, కింద నాపరాళ్ళు పరిచిన మూడు గదుల ఇల్లు. అందులో ఆమె, ఆమె భర్త పట్టాభి, అంతే. పనిమనిషి కూడా లేదు. పట్టాభి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. మూడున్నరకల్లా ఇంటికొచ్చేస్తాడు. వంటావార్పూ, ఊడవడం, తుడవడం అన్నీ ఆయనే చూసుకుంటాడు.

శనివారం పొద్దున్న పది గంటలకి, భీమిలి రోడ్డులో కొండమీదున్న పరిశోధనశాలలో, గాజుపలక మీద ఆ ఆకారాలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. బూడిదరంగు పొగని మనిషి మూసలో పోసినట్టుంటాయవి. మొహాలుండవు. ఎత్తూ, నడకా, కూర్చునే తీరూ మాత్రం ఉంటాయి. మొదటిది మగమనిషి, ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడుస్తోంది. పట్టాభి చిన్నప్పుడు సైకిలు మీంచి పడి విరగ్గొట్టుకున్న కాలది. రెండోది ఆడమనిషి. భోజనాల బల్ల దగ్గర ముందుకు వంగి కూర్చుంది.

“రెహానా, నేనింత గూనిగా కూర్చుంటానా?” అని నవ్వింది హైమవతి.

“అన్నం తినేటప్పుడు కూడా రిపోర్టులు చదివితే అలాగే ఉంటుంది మేడం,” అంది రెహానా. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, హైమవతి దగ్గర మూడేళ్ళుగా పనిచేస్తోంది. నోరు కాస్త చురుకే గానీ పనిలో దిట్ట.

ఆ బల్ల దగ్గర కూర్చునే వేళ రాత్రి ఎనిమిది గంటలని పలక అంచున పడింది. ఎనిమిదింటికి తను ఏనాడూ ఇంట్లో ఉండదే అని హైమవతికి తట్టింది. గంటా గంటన్నరా తేడా మామూలేలే అనుకుని ఊరుకుంది.

అప్పుడు మధ్యగదిలోంచి మూడోది వచ్చింది.

చిన్నది. మగమనిషి ఆకారం భుజం కిందికి వస్తుందేమో, అంతే. అది తూర్పుముఖంగా కదలకుండా నిలబడింది. పట్టాభి ఆకారం దాని చుట్టూ చెయ్యి తిప్పుతోంది. రెహానా నవ్వు అక్కడే ఆగిపోయింది.

“మేడం, మీ ఇంటికి పిల్లలెవరైనా వస్తుంటారా?”

హైమవతి పలక దగ్గరికి జరిగి ఆ చిన్న ఆకారాన్నే చూసింది.

ఆ యంత్రం పేరు జాడ. కెమెరాలాంటిది కాదది, దేన్నీ ఫొటో తీయదు. రెహానా రెండ్రోజులపాటు ఆ ఇంట్లో మోకాళ్ళమీద పాకుతూ రాళ్ళు గీకింది, గోడలమీది జిడ్డు తీసింది, మూలల్లో దుమ్ము పొరలు పొరలుగా ఎత్తింది, గుమ్మాలు ఎక్కడెక్కడ అరిగాయో కొలిచింది. అవన్నీ పదకొండు వందల చిన్న గాజుగొట్టాల్లో పోసి యంత్రానికి పెట్టింది. జాడ తనని తాను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఈ గుర్తులు ఇలా పడాలంటే ఆ ఇంట్లో ఎవరు ఉండి ఉండాలి? ఆ జవాబుకే ఆకారం పోసి నిలబెడుతుంది.

ఎందుకీ తంటా అంటే, ఒక కేసు ఉంది. ఒక ఇంట్లో ఇల్లాలు చచ్చిపోయింది. మొగుడు పద్నాలుగు నెలలుగా జైల్లో ఉన్నాడు. ఆ రోజు ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడని ఏడుస్తున్నాడు గానీ నమ్మేవాళ్ళు లేరు. జాడని అడిగి చూద్దామని కోర్టు ఒప్పుకుంది, అయితే ముందు నాలుగు తెలిసిన ఇళ్ళలో పరీక్ష నెగ్గమంది. మూడిళ్ళు నెగ్గింది కూడా. ఒక ఇంట్లో అయితే, ఎవరూ చూడకుండా తెల్లారుజామున వంటింట్లోకొచ్చి బెల్లం తినే షుగరు జబ్బు తాతగారిని కూడా పట్టిచ్చింది, ఆయన కోడలు ఇప్పటికీ ఆయనతో మాట్లాడటం లేదు. నాలుగో ఇంటికి హైమవతి తన ఇల్లే ఇచ్చింది. తన ఇల్లు తనకి తెలియదా అనే ధీమా!

“పాత గుర్తులయ్యుంటాయి,” అంది చివరికి. “మా అబ్బాయివి.”

తేజస్ సంగతి రెహానాకి తెలుసు. మేడంగారికి ఒక కొడుకుండేవాడు, తేజు అనేవారు, ఆరేళ్ళప్పుడు డెంగీ జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు, ఐదేళ్ళయింది, ఆ మాట ఆవిడ దగ్గర ఎత్తకూడదు. ల్యాబులో కొత్తగా చేరేవాళ్ళకి ముందుగా చెప్పేది ఇదే.

“పాతవైతే అడుగు పొరల్లో ఉండాలి కదండీ,” అంది రెహానా మెల్లిగా. పొరలు ఒలుచుకుంటూ వెనక్కి వెళ్ళింది. “ఇది పోయిన వారం. నాలుగడుగుల ఏడంగుళాలు. రెండేళ్ళ కింద, నాలుగడుగుల మూడు. ఐదేళ్ళ కిందకి వెళ్తే, మూడడుగుల తొమ్మిది.” ఆగింది. “ఏటా రెండంగుళాలు మేడం. ఈ అబ్బాయి ఎదుగుతున్నాడు.”

అనేశాక నాలిక కరుచుకుంది. హైమవతికి ఆ కొలత తెలుసు. మూడడుగుల తొమ్మిదంగుళాలు. ఒకటో క్లాసులో చేర్పించినప్పుడు బడివాళ్ళు కొలిచి కాగితమ్మీద రాసిన ఎత్తు అది.

మధ్యాహ్నం రెండింటికల్లా ఆమె ఇంటికి వెళ్ళిపోయింది.

శనివారం ఒంటిపూట బడి. పట్టాభి వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తున్నాడు. తలుపు చప్పుడికి బయటికొచ్చి కళ్ళు పెద్దవి చేసి చూశాడు.

“ఏమైంది? ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది. ఊరికే వచ్చా.”

“ఊరికే వచ్చావా! వానొస్తుందేమో,” అని లోపలికెళ్ళి చేతులు తుడుచుకొచ్చాడు. “అన్నం పెట్టనా?”

కూర్చుంది. ఇంట్లో పట్టపగలు ఎండ నిండా పడుతోంది. కిటికీలోంచి సముద్రం గాలి ఉప్పగా వస్తోంది. భయపడ్డానికి ఏముంది అక్కడ? మధ్యగది గుమ్మం వైపు చూడకుండా ఉండాలని చూస్తూ అటే చూసింది. నల్లటి నాపరాళ్ళు, తుడిచి తుడిచి నున్నగా ఉన్నాయి. ఎవరూ లేరు.

“మనింటికి పిల్లలెవరైనా వస్తారా? డ్రాయింగు నేర్చుకోడానికో దేనికో?”

“ట్యూషన్లు ఎప్పుడో మానేశా గదా,” అన్నాడు పట్టాభి ఆమె కంచంలో పప్పు వేస్తూ. “ఎందుకూ?”

“ఊరికే.”

చెయ్యి కడుక్కోడానికి వంటింట్లోకి వెళ్ళింది. పొద్దుటి గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. కంచాలు మూడు. మూడూ తడిగానే ఉన్నాయి.

అడుగుదామనుకుంది. నోటిదాకా వచ్చింది కూడా. అడగలేదు. కళ్ళెదురుగా ఉన్న రుజువుని చూసి మొహం తిప్పుకోకూడదని జూనియర్లకి గంటలు గంటలు పాఠం చెప్పే మనిషి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, మళ్ళీ పని ఉందని చెప్పి ల్యాబుకి బయల్దేరింది.

ఆదివారం వెళ్ళింది. సోమవారం అందరికంటే ముందు వెళ్ళింది. మంగళవారం కూడా. తప్పెక్కడుందో వెతుకుతున్నానని రెహానాకి చెప్పింది గానీ వెతికిందేమీ లేదు. తలుపేసుకుని, మూడో ఆకారాన్ని ఒక్కదాన్నే లేపి చూస్తూ కూర్చునేది. అది గదిలోంచి గదిలోకి నడిచేది. గుమ్మం దగ్గర ముందు అదే దాటేది, తర్వాతే పట్టాభి దాటేవాడు. బల్ల దగ్గర కుర్చీలో కూర్చునేది. మంచమ్మీద గోడవైపు పడుకునేది. ఆరేళ్ళవాడు ఏడేళ్ళవాడయ్యాడు, ఎనిమిదేళ్ళవాడయ్యాడు. తొమ్మిదో ఏడు వచ్చేసరికి పరుపు మీద వాడి చోటు బాగా పొడుగైంది. పదకొండేళ్ళవాడు వాళ్ళ నాన్న భుజం కిందికి వచ్చేశాడు.

హైమవతి జీవితంలో ఒక్క అబద్ధపు అంకె రాయలేదు. లేనిది ఉందని చెప్పడం ఆమె దృష్టిలో పాపం. అలాంటి మనిషి ఆ పొగబొమ్మ ముందు కూర్చుని, ఒరేయ్, ఎంత ఎదిగిపోయావురా అని పైకే అంది. అని, తన గొంతు తనకే వినబడి ఉలిక్కిపడి చుట్టూ చూసింది.

బుధవారం డైరెక్టరు వీరభద్రంగారు ఫోన్ చేశారు.

“ఏమ్మా హైమవతీ, నాలుగో ఇంటి రిపోర్టు శుక్రవారానికి నా బల్లమీద ఉండాలి. కోర్టువాళ్ళు రెండుసార్లు అడిగారు.”

“ఉంటుంది సార్.”

“నెగ్గినట్టేనా?”

“చూస్తున్నాను సార్.”

చూస్తూనే ఉంది మరి, అబద్ధమేం కాదు. కాకపోతే, యంత్రం లేని మనుషుల్ని పుట్టిస్తోందని రాస్తే జాడ అటకెక్కుతుంది. యంత్రం సరిగ్గానే ఉందని రాస్తే, రేపు కోర్టులో అది ఏ లేనివాడిని చూపించినా అందరూ నమ్మాలి. తప్పు పట్టుకుని సరిదిద్దితే ఈ అబ్బాయి పోతాడు. ఒకసారి పోయినవాణ్ణి మళ్ళీ తన చేత్తో పంపించాలి. ఆమెకి కావలసింది ఆ అబ్బాయి అక్కడ నడుస్తూ ఉండటం, అంతకుమించి ఏమీ లేదు.

గురువారం పొద్దున్న రెహానా తలుపు కొట్టి, పిలవకుండానే లోపలికొచ్చి కూర్చుంది.

“మేడం, మీరు తిట్టినా సరే, ఒక మాట చెప్పాలి. ఈ అబ్బాయి తనంతట తాను ఒక్క గుర్తు కూడా పెట్టలేదండీ.”

“అంటే?”

“వేలిముద్ర లేదు. కాలిముద్ర లేదు. ఒక్క వెంట్రుక లేదు. మీరే చూడండి.” కాగితాలు పరిచింది. “అన్నీ ఖాళీలే. సార్ ప్రతి గుమ్మం దగ్గరా పక్కకి జరిగారు, ఎవరికో దారిచ్చినట్టు. గోడకి సార్ భుజం జిడ్డు అందుకే అంటింది. పరుపుకి ఒక అంచునే సార్ పడుకుంటారు, గోడవైపంతా వదిలేసి. ఆ వదిలేసిన చోటుని బట్టి యంత్రం అక్కడ ఒక మనిషిని కట్టింది. బస్సులో జనం పక్కకి జరుగుతుంటే మధ్యలో ఎవరో ఉన్నారనే కదండీ మనం అనుకుంటాం.”

హైమవతి కాగితాలు చూస్తూనే ఉంది. ఇలాంటి లెక్క ఆమెకి కొత్తకాదు. ఒక గ్రహం నడక తేడాగా ఉంటే, పక్కన కనబడనిదేదో లాగుతోందని లెక్కగట్టి, సరిగ్గా అక్కడే ఇంకో గ్రహాన్ని పట్టుకున్నారు వెనకటి ఖగోళశాస్త్రజ్ఞులు. అదే లెక్క సూర్యుడి పక్కన వేసి, అక్కడ లేని గ్రహానికి పేరు కూడా పెట్టారు. కొందరు దూరదర్శినిలో చూశామని కూడా చెప్పారు పాపం. రెండుచోట్లా రుజువు ఒకలాంటిదే.

“మరి ఎత్తో? ఏటా రెండంగుళాలు ఎలా పెరుగుతుంది?”

“అదే అర్థం కావట్లేదండీ. అది ఉప్పులోంచి వచ్చింది. మధ్యగది నాపరాతిలో ఒక చోట ఉప్పు దిగింది. సముద్రపు ఉప్పేమో అనుకున్నా. కాదు, అదైతే అంతటా దిగాలి. ఇది గుండ్రంగా ఉంది, చక్రంలా. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఒక మనిషి నిలబడ్డానికి సరిపోతుంది. ఎత్తునుంచి రాలిన ఉప్పు రాతిమీద ఎక్కువ దూరం చెదురుతుంది కదా. పోయినేడాదికంటే ఈ ఏడు ఇంకా దూరం చెదిరింది. ఎవరో ఉప్పు పట్టుకున్న చెయ్యిని ఏటికేడాదీ పైకి ఎత్తుతున్నారు మేడం. ఎందుకో మాత్రం నాకు తెలీడంలేదు.”

రెహానాకి తెలియలేదు గానీ హైమవతికి తెలిసిపోయింది. ఆ రోజు తారీఖు చూసుకుంది. అమావాస్య.

సందెవేళ ఇంటికి చేరింది. వీధిదీపాలు ఇంకా వెలగలేదు. చెప్పులు బయటే విప్పి, చప్పుడు చేయకుండా వరండాలోకి వచ్చి కిటికీలోంచి చూసింది.

మధ్యగదిలో పట్టాభి నిలబడి ఉన్నాడు. గుప్పిట నిండా కళ్ళుప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు. ఎదురుగా ఎవరూ లేరు. ఆ ఎవరూ లేనిచోట, సరిగ్గా నాలుగడుగుల ఏడంగుళాల ఎత్తున గుప్పిట నిలిపి, కుడినుంచి ఎడమకి మూడుసార్లు, ఎడమనుంచి కుడికి మూడుసార్లు తిప్పాడు. తలనుంచి పాదాలదాకా దించాడు. “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అందరి దిష్టీ పోవాలి,” అంటున్నాడు నెమ్మదిగా. గుప్పిట్లోంచి ఉప్పుగళ్ళు రాలి రాయిమీద చిటపటమని ఎగిరాయి. ఆయన మొహం మామూలుగా ఉంది. పిల్లాడికి దిష్టితీసే ఏ తండ్రి మొహమైనా అలాగే ఉంటుంది.

దిష్టి పొయ్యిమీద పడేసి, చెయ్యి కడుక్కుని, చీపురు తీసుకుని వెనక్కి వచ్చేసరికి ఆమె గదిలో ఉంది.

పట్టాభి తడబడలేదు. చీపురు గోడకి ఆనించాడు.

“చూశావా?”

“ఎన్నాళ్ళనుంచి?”

“మొదట్నుంచీ. ఆదివారాలూ, అమావాస్యలూ.” రాలిన ఉప్పువైపు చూస్తూ అన్నాడు, “వాడికి జ్వరమొచ్చిన రోజు దిష్టి తియ్యమన్నాను. గుర్తుందా? మూఢనమ్మకాలన్నావు. నిజమే, డెంగీకి ఉప్పేం చేస్తుంది! తెలుసు నాకు. కానీ ఆ రోజు తియ్యలేదన్నది గొంతులో అడ్డంపడి ఉండిపోయింది. తీస్తే కాస్త ఊపిరాడుతుంది.”

“వాడు లేడండీ.”

“లేడని నాకంటే ఎవరికి బాగా తెలుసు? ఈ చేతుల్తోనే కదా అప్పగించొచ్చాను.” ఆయన తన రెండు చేతులూ చూసుకున్నాడు. “నాకు పిచ్చెక్కలేదు హైమా. వాడున్నాడని అనుకోవడంలేదు. వాడి చోటు వాడికి ఉంచాను, అంతే. ఎదిగే పిల్లాడు గదా, ఏటేటా కొంచెం పెంచి ఉంచాను. నువ్వు పనిలో పడ్డావు. నాకు వేరే పనేముంది?”

హైమవతి నేలమీద కూలబడి ఏడ్చింది. ఐదేళ్ళలో ఆమె ఆ ఇంట్లో ఏడవడం అదే మొదలు. ఏడుపు తగ్గాక యంత్రం సంగతంతా చెప్పింది. ఉప్పు చక్రం, ఆకారం, ఎత్తు, జైల్లో ఉన్న మనిషి, రేపటి గడువు, ఏదీ దాచలేదు.

పట్టాభి అంతా విని ఒక్కటే అడిగాడు.

“కనిపిస్తాడా?”

శుక్రవారం బడికి సెలవు చీటీ రాసిచ్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రెహానా కుర్చీ వేసింది. గాజుపలక మీద మూడు ఆకారాలూ లేచాయి. పట్టాభి మూడోదాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. చేత్తో దాని భుజం దగ్గర గాల్లో ఒక గీత గీశాడు, బొమ్మ వేయబోయేముందు కొలుచుకున్నట్టు.

“ఇంతయ్యాడా! నేను కాస్త తక్కువే అనుకున్నాను.”

ఆ మాటకి రెహానా మొహం అటు తిప్పుకుంది.

“తీసేస్తాను,” అంది హైమవతి. “మీరు వద్దంటే ఆగుతాను.”

“జైల్లో ఎవరో ఉన్నాడన్నావు కదా. నా ఉప్పుని బట్టి వాడి మెడకి ఉరిపడకూడదు, పడాల్సినవాడు తప్పించుకోనూ కూడదు. తీసెయ్యి.”

దిద్దుబాటు చిన్నదే. ఇంకొకరు వదిలిన చోటుని బట్టి మనిషిని కట్టకు, తనంతట తాను గుర్తులు వదిలినవాడికే ఆకారం ఇవ్వు. ప్రోగ్రాములో రెండు వరసలు. హైమవతి తనే రాసింది. ఏడాదిలో సొంత గుర్తులు వంద లేకపోతే ఆ ఇంటిమనిషి కింద లెక్కకట్టకు అని ఇంకో వరస చేర్చింది. మీట నొక్కే ముందు పిల్లాడి ఆకారంవైపు చూసింది. అది బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. నొక్కింది.

కాళ్ళనుంచి మొదలై ఆకారం పలచబడుతూ పోయింది. తల ఆఖర్న పోయింది. కుర్చీ ఖాళీ. పట్టాభి కళ్ళు మూసుకున్నాడు.

అయిపోయిందనుకుని హైమవతి చెయ్యి తీసేసింది. అయిపోలేదు. బల్లకి ఇటువైపు, ముందుకు వంగి కూర్చున్న ఆడమనిషి ఆకారం కూడా కాళ్ళనుంచి పలచబడటం మొదలుపెట్టింది. చీరకుచ్చెళ్ళు పోయాయి. నడుం పోయింది. వంగిన వీపు కాసేపు గాలిలో నిలిచి, అదీ పోయింది. పలక మీద పట్టాభి ఒక్కడే మిగిలాడు. ఎవరూ లేని ఇంట్లో మూడు కంచాల్లో వడ్డిస్తూ, అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“ఏదో పొరపాటైంది,” అంది హైమవతి. “మళ్ళీ నడిపించు.”

రెహానా నడిపించింది. మళ్ళీ అంతే. ఇంకోసారి నడిపించమంది.

“మేడం, పొరపాటు కాదండీ,” అంది రెహానా తలెత్తకుండా. “నాకు నిన్ననే అనుమానమొచ్చింది. చెప్పలేకపోయాను. ఏడాది మొత్తానికి ఇంట్లో మీ గుర్తులు ముప్పై ఒకటి. అవీ చాలావరకు వీధిగుమ్మం దగ్గరే. మీ బట్టలు ఇక్కడే ఉతికిస్తారు. తలస్నానం గెస్టురూములో. వారంలో నాలుగు రోజులు ఇక్కడే పడుకుంటారు. ఇంటికెళ్ళినా రాళ్ళు చల్లగా ఉన్నాయని మేజోళ్ళు విప్పరు. మీకంటే పాలబ్బాయి గుర్తులే ఎక్కువున్నాయండీ.”

“మరి ఇన్నాళ్ళూ నన్నెలా చూపించింది? బల్ల దగ్గర కూర్చుని...”

అడుగుతుండగానే ఆమెకి తెలిసిపోయింది. ఎనిమిదింటికి మూతపెట్టి ఉంచిన కంచం. పక్కన నింపిపెట్టిన గ్లాసుడు నీళ్ళు. పక్కనే దుప్పటి మార్చి ఉంచిన, ఎవరూ పడుకోని రెండో మంచం. రోజూ మార్చి ఆరేసిన, తడవని తువ్వాలు. ఆమె వస్తుందని ఆయన ఉంచిన చోట్లే అవన్నీ. కొడుకుని కట్టిన మట్టితోనే యంత్రం తననీ కట్టింది. ఇద్దరిలో ఒకరు చచ్చిపోయారని, ఒకరు బతికున్నారని దానికి తెలిసే దారే లేదు.

హైమవతి పట్టాభివైపు చూసింది. ఆయన కోప్పడితే బాగుండుననిపించింది. ఆయన కళ్ళు తెరిచి పలకని పరీక్షగా చూస్తున్నాడు, పిల్లలు వేసిన బొమ్మ దిద్దే ముందు చూసినట్టు.

“ఇప్పుడు సరిగ్గా చూపించిందమ్మా,” అన్నాడు రెహానాతో. ఆ గొంతులో దెప్పడం లేదు. అడిగినదానికి చెప్పినట్టు చెప్పాడు, అంతే.

రిపోర్టు వెనక ఒక ఫారం ఉంటుంది. ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళు ఎందరో ఇంటివాళ్ళే తమ చేత్తో రాసి సంతకం పెట్టాలి. దాన్ని యంత్రం చెప్పినదానితో సరిచూస్తారు. రెహానా ఆ ఫారం తెచ్చి ఇద్దరి మధ్యా బల్లమీద పెట్టి, చప్పుడు చేయకుండా బయటికెళ్ళిపోయింది.

పట్టాభి కలం తీసి, గడిమీద ఆపాడు.

“ఏం రాయమంటావు?”

ముగ్గురని రాయాలని ఆయనకి ఉంది, ఆమెకి కనబడుతూనే ఉంది. ఇద్దరని రాయమనడానికి ఆమెకి నోరు రాలేదు. ఇరవై రెండేళ్ళుగా రుజువులేని మాట ఒక్కటీ ఒప్పుకోని మనిషి, ఇప్పుడు తన గురించి ఏ రుజువు చూపించి ఒప్పిస్తుంది?

“ఒకరని రాయండి,” అంది. “ఇవాళ్టికి ఒకరనే రాయండి.”

రాశాడు. జాడ నాలుగో ఇల్లు కూడా నెగ్గింది. వీరభద్రంగారు స్వయంగా వచ్చి మెచ్చుకున్నారు, మిఠాయి తెప్పిస్తానన్నారు. హైమవతి రిపోర్టు ఆయన చేతికిచ్చి, గెస్టురూములో ఉన్న తన బట్టలూ, దువ్వెనా, పళ్ళపొడీ ఒక సంచిలో వేసుకుని కిందికి వచ్చింది. పట్టాభి స్కూటరు దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఇంటికెళ్దాం పదండి.”

ఆయన గడియారం చూసుకున్నాడు. పదకొండున్నర. “ఇప్పుడా? నీకేమీ వండలేదే!”

“ఇద్దరం వండుకుందాం.”

ఇల్లు చేరాక ఆమె మేజోళ్ళు విప్పి వీధిగుమ్మం అవతలే పడేసింది. నాపరాళ్ళు చల్లగా తగిలాయి. పట్టాభి బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టాడు. మధ్యగదికీ వంటింటికీ మధ్య గుమ్మం దగ్గరకొచ్చేసరికి ఎడమకాలు ఈడుస్తూ పక్కకి జరిగి, ఒక్క క్షణం ఆగి, తర్వాత తను దాటాడు. ఆయనకి తెలియకుండానే జరిగిపోతోంది అది. తిరిగొచ్చేటప్పుడూ అంతే.

ఉల్లిపాయలు తరుగుదామని వంటింట్లోకి వెళ్ళి గట్టు పక్కన నిలబడింది. పట్టాభి గంజి వార్చిన గిన్నె పట్టుకుని గిర్రున వెనక్కి తిరిగాడు. ఐదేళ్ళుగా ఆ ఇరుకులో ఆయన అలాగే తిరుగుతున్నాడు. మోచెయ్యి నేరుగా వచ్చి ఆమె రొమ్ముకి తగిలింది. గంజి ఒలికి ఆమె చేతిమీద చుర్రుమంది. చేతిలో కత్తి కిందపడింది. ఆయన అదిరిపడి, అక్కడ అడ్డుగా ఏముందా అన్నట్టు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. ఆ క్షణంలో ఆయన కళ్ళల్లో ఆమె లేదు.

“అయ్యయ్యో, నువ్వున్నావు గదూ!” అన్నాడు.